పాటలో కొండ

నేను స్విట్జర్లాండ్‌లో దిగి వారం కాకముందే మా అమ్మ ఫోన్లో అడిగిన మొదటి ప్రశ్న "అన్నం దొరుకుతోందా?" కాదు. "ఆ కొండ చూశావా?" అని.

"ఏ కొండమ్మా?"

"అదేరా, పాటల్లో ఉంటుందే, తెల్లగా, వెనకాల."

అమ్మని తప్పు పట్టడానికేం లేదు. మన సినిమాల్లో ఇరవై ముప్ఫై ఏళ్ళ పాటు హీరో హీరోయిన్లు పరిగెత్తింది ఆ కొండల ముందే కదా. హీరోయిన్ చలికి వణుకుతూ షిఫాన్ చీరలో, హీరోగారేమో మెడదాకా స్వెట్టర్లో (ఈ అన్యాయం గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం). కొండలకి మాత్రం పేర్లుండవు. అవి వెనకాల గుడ్డ తెర లాంటివి. ఇంటర్‌లాకెన్లో యశ్ చోప్రాకి 2016లో విగ్రహం పెట్టారు. ఆ ఊరికి మనవాళ్ళు తెచ్చిపెట్టిన వ్యాపారం అంతటిది. కానీ విగ్రహం పక్కన ఫోటో దిగే మనవాళ్ళలో పదిమందిని ఆపి, ఎదురుగా ఉన్న మూడు శిఖరాల పేర్లు చెప్పమంటే ఒక్కరు చెప్తారేమో. మొన్నటిదాకా నేనూ ఆ తొమ్మిది మందిలోవాణ్ణే.

సరే, పేర్లు చెప్పేస్తాను. గ్రిండెల్‌వాల్డ్ వైపు నుంచి చూస్తే ఎడమ నుంచి కుడికి వరసగా ఐగర్, మ్యోంఖ్, యుంగ్‌ఫ్రావ్. (మా ఆఫీసులో మనవాళ్ళందరం 'జంగ్‌ఫ్రా' అంటాం. క్లయింట్ వైపు స్విస్ పెద్దాయన ఒకాయన ఓపిగ్గా నాలుగుసార్లు దిద్ది ఊరుకున్నాడు. మధ్యదాన్ని పలకడం ఇప్పటికీ ఎవరికీ రాలేదు.) యుంగ్‌ఫ్రావ్ అంటే కన్య. మ్యోంఖ్ అంటే సన్యాసి. ఐగర్‌కి రాక్షసుడని జనం చెప్పుకుంటారు. రాక్షసుడు కన్య జోలికి పోకుండా సన్యాసి మధ్యలో కూర్చున్నాడని కథ. వినడానికి మన స్థలపురాణంలాగే బావుంది గానీ, ఐగర్ పేరుకి ఆ అర్థం నిజం కాదనే వాళ్ళే ఎక్కువ. 1252 నాటి దస్తావేజులోనే ఆ పేరుంది, రాక్షసుడి కథ ఆ తర్వాత ఎవరో అతికించిందే అయ్యుంటుంది.

ఎత్తుల ప్రకారం చూస్తే ఐగర్ ముగ్గురిలోకీ పొట్టిది. యుంగ్‌ఫ్రావ్ 4,158 మీటర్లు, మ్యోంఖ్ 4,100 పైన, ఐగర్ 3,967. నాలుగు వేలకి ముప్ఫై మూడు మీటర్లు తక్కువ, మనవాడికి ఫస్ట్ క్లాసు రెండు మార్కుల్లో పోయినట్టు. ఆ మాటకొస్తే ఈ బెర్నీస్ ఆల్ప్స్ మొత్తంలో పెద్దది ఈ ముగ్గురిలో ఎవరూ కాదు. వెనకాల ఫిన్‌స్టెరార్‌హార్న్ అని ఒకటుంది, 4,274 మీటర్లు. అది లోపలికి నక్కి ఉంటుంది, రైలెక్కి దాని దగ్గరకి పోలేం కాబట్టి దాని పేరు ఎవరికీ తెలీదు. పని చేసేది ఒకరు, డెమో ఇచ్చేది ఇంకొకరు అన్నట్టు.

మొదటి నెలలోనే మా టీమ్ అంతా కలిసి యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ వెళ్ళాం. 3,454 మీటర్ల ఎత్తున ఉన్న రైల్వే స్టేషన్ అది, యూరప్‌లో అంతకంటే ఎత్తున రైల్వే స్టేషన్ లేదు. టికెట్ ధర చూసి గుండె ఆగినంత పనైంది. డిస్కౌంట్ కార్డు లేకపోతే ఇంటర్‌లాకెన్ నుంచి రానూపోనూ రెండు వందల ఫ్రాంకులకు పైనే. ప్రతివాడూ దాన్ని రూపాయల్లోకి మార్చి, ఒకసారి నిట్టూర్చి, కొన్నాడు. పైన మంచులో ఫోటోలు, జెండా పక్కన ఫోటోలు. అక్కడ 'బాలీవుడ్' అనే పేరుతో ఇండియన్ రెస్టారెంట్ కూడా ఉంది, అక్కడ అన్నం, పప్పు. మేం తీసుకెళ్ళిన పులిహోర డబ్బా బయట చలిలో తెరిస్తే రాయిలా గట్టిపడింది. అయినా తిన్నాం. అందరం ఒకే చోట ఒకే ఫోటో దిగి, ఎవరి ఫ్యామిలీ గ్రూపుల్లో వాళ్ళం పెట్టుకుని దిగొచ్చేశాం. అమ్మ "బాగుంది, స్వెట్టర్ సరిపోతోందా" అని జవాబిచ్చింది. అంతే. యూరప్ ట్రిప్ అయిపోయింది.

ఆ రోజు నాకు గుర్తుండిపోయింది మాత్రం రైలు. ఇంజినీరింగ్ చదివిన వాడెవడైనా ఆ రైలు గురించి కాసేపు ఆగి ఆలోచించాలి. అడాల్ఫ్ గయర్-జెల్లర్ అని జ్యూరిక్ వ్యాపారి, 1893లో ఈ కొండల్లో నడుస్తుండగా ఆయనకి ఐడియా వచ్చింది: ఐగర్, మ్యోంఖ్‌ల కడుపులోంచి సొరంగం తవ్వి యుంగ్‌ఫ్రావ్ మీదకి రైలు వెయ్యాలని. 1896లో పని మొదలుపెట్టాడు. మొదట్నుంచీ కరెంటు రైలే. మూడేళ్ళకే ఆయన పోయాడు. డబ్బులు చాలక, పేలుళ్ళలో కూలీలు చనిపోతూ (ఎక్కువమంది ఇటలీ నుంచి పొట్టచేత పట్టుకుని వచ్చినవాళ్ళు), సమ్మెలు జరిగి, చివరికి 1912 ఆగస్టు 1న లైను తెరిచారు. పదహారేళ్ళు. అసలు ప్లాన్ శిఖరం దాకా, తెరిచింది దాని కింద కనుమ దాకా. స్కోపు తగ్గించి గడువు పెంచిన ప్రాజెక్టు మనకేమీ కొత్త కాదు గానీ, ఇది నూరేళ్ళు దాటినా నడుస్తోంది. మనం రాసిన ఏ కోడ్ అయినా పదేళ్ళుందా?

తొమ్మిది కిలోమీటర్ల చిల్లర లైనులో ఏడు కిలోమీటర్లకు పైగా సొరంగమే. తవ్విన రాళ్ళు బయట పారెయ్యడానికి అక్కడక్కడా కొండ ముఖానికి కన్నాలు పెట్టారు. ఒకచోట ఐగర్ ఉత్తర ముఖంలోకి పెద్ద కిటికీలు పెట్టి స్టేషనే కట్టేశారు, ఐగర్‌వాండ్ అని, 2,864 మీటర్ల ఎత్తులో. రైలు ఐదు నిమిషాలు ఆగితే జనం దిగి కిటికీలోంచి కిందికి చూసి గుండెలు బాదుకుని మళ్ళీ ఎక్కేవాళ్ళట. 2016 చివర్లో కొత్త రైళ్ళు వచ్చాక అక్కడ ఆపడం మానేశారు. ఇప్పుడు ఇంకో పక్కనున్న ఐస్‌మేర్ దగ్గర మాత్రం ఆపుతారు.

ఆ కిటికీల గురించి చదువుతూ చదువుతూ ఇంకో తలుపు గురించి తెలిసింది. అక్కణ్ణుంచి నాకు నిద్ర పట్టలేదు. రెండోసారి ఒక్కణ్ణే వెళ్ళింది అందుకే.

ఐగర్ ఉత్తర ముఖం సుమారు 1,800 మీటర్ల నిలువు గోడ. మన తిరుమల కొండ అందులో దాగిపోతుంది. కొండ ఎక్కడం కష్టం కాదు: 1858లోనే చార్ల్స్ బారింగ్టన్ అనే ఐరిష్ ఆయన ఇద్దరు స్థానిక గైడ్లతో పడమటి వైపు నుంచి ఎక్కేశాడు. ఈ గోడ కథ వేరు. సున్నపురాయి, పైపెచ్చు లోపలికి వంగి గిన్నెలా ఉంటుంది. ఉత్తరం వైపు తిరిగి ఉండడం వల్ల రోజులో ఎక్కువసేపు నీడే. మధ్యాహ్నం దాటి పై భాగానికి ఎండ తగిలితే, రాత్రంతా మంచు పట్టి ఉంచిన రాళ్ళు ఒక్కొక్కటే జారడం మొదలెడతాయి. మైదానం మీదుగా వచ్చే తుఫాను మొదట గుద్దుకునేది ఈ గోడకే. కింద గ్రిండెల్‌వాల్డ్‌లో ఎండ కాస్తుంటే పైన మంచు కురుస్తుంటుంది. జర్మన్లో ఉత్తర గోడని నోర్డ్‌వాండ్ అంటారు. ఒక్క అక్షరం మార్చి మోర్డ్‌వాండ్, అంటే హత్యల గోడ అని పత్రికలవాళ్ళు పేరు పెట్టారు. గోడ మీద ప్రతి చోటుకీ పేరుంది. తెల్ల సాలీడు అని ఒక మంచు మడి. దేవతల దారి అని ఒక అంచు. మృత్యు మకాం అని ఒకటి, 1935లో సెడల్‌మాయర్, మేరింగర్ అనే ఇద్దరు అక్కడిదాకా ఎక్కి ఆగిపోయారు.

ఇవన్నీ కింద హోటల్ దగ్గర టెలిస్కోపులు పెట్టి చూసేవాళ్ళు! క్లైనె షైడెగ్ అనే కనుమ మీద కాఫీ తాగుతూ, ఎదురుగా మనిషి చావడం చూడొచ్చన్నమాట. ఈ గోడకి అంత పేరు రావడానికి సగం కారణం అదే అనిపిస్తుంది నాకు. ఇంతకంటే ఘోరమైన గోడలు ఇంకెక్కడో ఉన్నా వాటికి రైల్వే స్టేషనూ లేదు, ప్రేక్షకులూ లేరు.

1936 జూలైలో నలుగురు ఎక్కారు. బవేరియా వాళ్ళు టోనీ కుర్జ్, ఆండ్రియాస్ హింటర్‌స్టాయిసర్, ఆస్ట్రియా వాళ్ళు ఎడీ రైనర్, విల్లీ ఆంగెరర్. కుర్జ్‌కి ఇరవై మూడు, హింటర్‌స్టాయిసర్‌కి ఇంకా ఇరవై రెండు నిండలేదు. మన ఫ్రెషర్ల వయసు. కింది భాగంలో ఒక నున్నటి బండ అడ్డమొస్తే, హింటర్‌స్టాయిసర్ పైన తాడు కట్టి దాని బిగువు మీద ఊగుతూ అడ్డంగా దాటేశాడు. ఆ చోటుకి ఇప్పటికీ అతని పేరే. అతని వెనక మిగతా ముగ్గురూ దాటారు. దాటాక తాడు లాగేసుకున్నారు. పైన అవసరమవుతుంది కదా, మళ్ళీ ఈ దారిన వచ్చే పనేముంది అని.

రాయి తగిలి ఆంగెరర్‌కి దెబ్బ తగిలింది. ఇంకా పైకి పోలేక వెనక్కి తిరిగారు. బండ దగ్గరకొచ్చేసరికి వాతావరణం మారి బండంతా మంచు పేరుకుంది. అటు నుంచి తాడు లేకుండా దాటడం అయ్యే పని కాదు. ఎంత ప్రయత్నించినా కుదరలేదు. ఇక నిలువుగా కిందికి దిగడమే దారి.

వాళ్ళ కింద, కొంచెం పక్కగా, రాళ్ళు పారెయ్యడానికి పెట్టిన కన్నం ఉంది, దానికో తలుపు. రైల్వే గార్డు ఆల్బర్ట్ ఫాన్ ఆల్మెన్ ఆ తలుపు తీసి బయటికి తల పెట్టి కేకేశాడు. పైనుంచి జవాబొచ్చింది, అంతా బాగానే ఉందని, దిగుతున్నామని. ఆయన సంతోషపడి లోపలికెళ్ళి వాళ్ళ కోసం టీ పెట్టాడు. ఎంతసేపటికీ రాలేదు. మళ్ళీ వెళ్ళి కేకేస్తే ఈసారి ఒక్క కుర్జ్ గొంతే వినిపించింది. ఆ మధ్యలో మంచు విరిగిపడి మిగతా ముగ్గురూ పోయారు.

గైడ్లు రైల్లోనే వచ్చి అదే తలుపులోంచి గోడ మీదకి దిగారు. చీకటి పడింది. కుర్జ్ రాత్రంతా తాడుకి వేలాడుతూ ఉన్నాడు, ఒక చేతి గ్లవ్ కూడా పోయి. తెల్లారి గైడ్లు మళ్ళీ వచ్చేసరికి బతికే ఉన్నాడు! చెయ్యి గడ్డకట్టిపోయింది. ఆ ఒక్క చేత్తోనూ పళ్ళతోనూ ఉన్న తాడు ముక్క పేటలు విప్పి, ముళ్ళు వేసి, కిందికి వదిలి, గైడ్లు కట్టిన తాడు పైకి లాక్కున్నాడు. దానికే గంటలు పట్టింది. తాడు చాల్లేదు. ఇంకోటి కలిపి ముడేశారు. కుర్జ్ ఆ తాడు మీద దిగుతూ దిగుతూ వచ్చి, ఆ ముడి నడుం దగ్గరి ఇనప కొక్కెంలో ఇరుక్కుని ఆగిపోయాడు. గైడ్లకి కొద్ది మీటర్ల పైన. చెయ్యి చాపితే అందేంత, కానీ అందలేదు. ఇక తన వల్ల కాదని చెప్పి అక్కడే పోయాడు.

తర్వాతి ఏడాది రెబిచ్, ఫోర్గ్ అని ఇద్దరు చాలా పైదాకా వెళ్ళి తుఫానొస్తే వెనక్కి దిగొచ్చేశారు, ప్రాణాలతో. బండ దగ్గర తాడు అలాగే వదిలి వెళ్ళారు కాబట్టి. ఆ ఫోర్గే 1938 జూలై 24న హెక్‌మాయర్, కాస్పరెక్, హారర్‌లతో కలిసి మొదటిసారి గోడ మొత్తం ఎక్కాడు. (ఆ హారరే తర్వాత టిబెట్‌లో ఏడేళ్ళున్నాడు.) ఆ పైన రోజులు మారాయి, 2015లో ఊలీ స్టెక్ ఒక్కడే రెండు గంటల ఇరవై రెండు నిమిషాల్లో ఎక్కేశాడు. ఇవన్నీ మహాద్భుతాలే. నా బుర్రలో మాత్రం లాగేసుకున్న తాడు దగ్గరే సూది ఆగిపోయింది.

ఎందుకంటే ఆ తాడు నేనూ లాగాను.

ఇక్కడికి రాకముందు హైదరాబాద్‌లో ఒక డేటా మైగ్రేషన్. శుక్రవారం రాత్రి నాలుగు గంటల విండో. రోల్‌బ్యాక్ స్టెప్పులతో కలిపితే ఐదున్నర అవుతోంది. "డ్రై రన్ రెండుసార్లూ బాగానే వచ్చింది కదా, రోల్‌బ్యాక్ తీసేద్దాం, పాత టేబుళ్ళు ముందే డ్రాప్ చేస్తే స్పేసూ కలిసొస్తుంది" అని చెప్పింది నేను. మెయిల్లోనే చెప్పాను. అర్ధరాత్రి స్క్రిప్ట్ నడిపింది మాత్రం మా టీమ్‌లో ఏడాదిన్నర అనుభవమున్న కుర్రాడు. సగంలో పడిపోయింది. వెనక్కి పోదామంటే వెనకేమీ లేదు. బ్యాకప్‌లోంచి తెచ్చుకోవడానికి రెండు రోజులు పట్టింది. సోమవారం కాల్‌లో రిపోర్ట్ తెరమీద పెట్టారు. 'రన్ చేసినవారు' అన్న గడిలో వాడి పేరుంది. 'తీసేద్దాం అన్నవారు' అనే గడి ఆ టెంప్లేట్‌లో లేదు. నేను మ్యూట్‌లో ఉన్నాను. నలభై నిమిషాల కాల్, నలభై నిమిషాలూ మ్యూట్‌లోనే.

వాణ్ణి ప్రాజెక్ట్ నుంచి రిలీజ్ చేశారు. మన భాషలో రిలీజ్ అంటే ఏంటో మీకు చెప్పక్కర్లేదు. మూడు నెలలు బెంచ్ మీదుండి వేరే ఊరు, వేరే కంపెనీ వెతుక్కున్నాడు. నాకు ఆన్‌సైట్ వచ్చింది.

రెండోసారి వెళ్ళినప్పుడు పైదాకా టికెట్ కొనలేదు. 2020లో వచ్చిన ఐగర్ ఎక్స్‌ప్రెస్ అనే రోప్‌వేలో గ్రిండెల్‌వాల్డ్ నుంచి పావుగంటలో ఐగర్‌గ్లెచర్ దాకా వెళ్ళి (2,320 మీటర్లు), అక్కణ్ణుంచి గోడ కిందగా అల్పిగ్లెన్ దాకా నడిచాను. ఐగర్ ట్రెయిల్ అంటారు. ఆరు కిలోమీటర్లు, దిగుడే, రెండు మూడు గంటలు. నాలాంటి కుర్చీ శరీరం కూడా చెయ్యగలిగింది. కుడి పక్క గోడ. ఎంత మెడ ఎత్తినా పూర్తిగా కళ్ళలో పట్టదు. పైనుంచి ఎక్కడో రాళ్ళు జారిన చప్పుడు, కింద ఆవుల మెడల్లో గంటలు, రెండూ ఒకేసారి వినిపిస్తాయి. గంటలంటే మన ఎద్దుల మెడలో చిరుగంటలు కాదు, చిన్న బిందెంత ఉంటాయి.

కొండ కూడా ఏమీ స్థిరంగా లేదు. 2006 జూలైలో ఐగర్ తూర్పు వైపు లక్షల ఘనపు మీటర్ల రాయి విరిగి కిందికి పడిపోయింది. ఆనుకుని ఉన్న హిమానీనదం కరిగి వెనక్కి పోవడంతో ఆసరా లేకుండా పోయింది మరి. 1850ల్లో ఆ మంచు గ్రిండెల్‌వాల్డ్ ఊరి అంచుదాకా ఉండేది. ఇప్పుడు ఊళ్ళోంచి చూస్తే ఖాళీ లోయ. అవతలి వైపు, ఆల్ప్స్‌లోకెల్లా పొడుగైన ఆలెచ్ హిమానీనదం మీద కాంకోర్డియా అని ఒక బస ఉంది. 1877లో కట్టినప్పుడు మంచుకి కాస్త పైన ఉండేదట, ఇప్పుడు మంచు మీంచి ఆ బసకి ఎక్కాలంటే నాలుగు వందలకు పైగా ఇనప మెట్లు. మంచు దిగిన కొద్దీ కింద మెట్లు కలుపుతూ పోతున్నారు. 2022, 2023 రెండేళ్ళలోనే స్విస్ హిమానీనదాలు పదోవంతు మంచు పోగొట్టుకున్నాయి. అమ్మ పాటలో చూసిన తెలుపు అప్పటంత లేదన్నమాట.

అల్పిగ్లెన్ స్టేషన్ దగ్గర బల్ల మీద కూర్చున్నాను. రైలుకి ఇంకా ఇరవై నిమిషాలు. ఆ కొండల్లో సిగ్నల్ మా మాదాపూర్ కంటే బావుంటుంది. వాడి నంబర్ తీసి చాలాసేపు చూసి, నొక్కాను.

"అన్నా! ఎలా ఉన్నావ్? స్విస్సంట కదా!" వాడి గొంతులో ఏమీ తేడా లేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

నానా తిప్పలు పడి చెప్పాను. ఆ రోల్‌బ్యాక్ తీసెయ్యమన్నది నేనేరా, ఆ కాల్‌లో నేను మాట్లాడాల్సింది, అని.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "తెలుసు కదన్నా. ఆ మెయిల్లో నేనూ సీసీలో ఉన్నాను."

తెలుసు. అంతకాలమూ తెలుసు. మెయిల్ ఫార్వర్డ్ చేస్తే సరిపోయేది, చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదురా అని అడిగితే "అప్పుడు చేసుంటే ఇద్దరం పోయేవాళ్ళం, నీకు ఇంటి లోనుంది కదా" అన్నాడు. నేను ఎప్పుడో క్యాంటీన్లో చెప్పుకున్న లోను. కొంచెం ఆగి, "కోపం లేదని మాత్రం అనుకోకన్నా. ఒక ఆర్నెల్లు నీ పేరు కనిపిస్తే ఫోన్ పక్కన పడేసేవాణ్ణి" అన్నాడు.

ఆ రాత్రి పాత మేనేజర్‌కి మెయిల్ రాశాను, ఆనాటి మెయిల్ జత చేసి, ఆ రిపోర్ట్‌లో ఎవరి పేరుండాలో చెప్తూ. సీసీలో వాణ్ణీ పెట్టాను. వారానికి ఒక్క ముక్క జవాబొచ్చింది: "నోటెడ్." దానివల్ల వాడికి ఒరిగేదేమీ లేదని నాకూ తెలుసు, వాడు ఆ కంపెనీలోనే లేడు.

ఫోన్ పెట్టేసే ముందు, ఎక్కడున్నావన్నా ఇప్పుడు అని వాడడిగితే కుర్జ్ కథ మొత్తం చెప్పాను. రైలు వచ్చింది, వెళ్ళిపోయింది. తర్వాతి రైలు దాకా చెప్తూనే ఉన్నాను. వాడు మధ్యలో ఒకే ప్రశ్న అడిగాడు, ఆ టీ ఏమైందన్నా అని. నాకు తెలీదన్నాను.

"గోడ ఫోటో పంపు. ఆ తలుపు ఎక్కడుందో గుండ్రంగా గుర్తు పెట్టు."

తీసిన ఇరవై ఫోటోలూ పెద్దవి చేసి చూశాను. కనిపించలేదు. ఇక్కడిక్కడే ఉంటుంది అనుకున్న చోట ఎర్ర సున్నా చుట్టి పంపించాను.